కౌంటరు మామ

శ్రీకాళహస్తిలో గుడి చుట్టుపక్కల ఏ లాడ్జికి పోయినా కౌంటరు వెనక ఒక మామ ఉంటాడు. నుదుట విభూతి, చెవి మీద పెన్ను, ఎదురుగా బారెడు రిజిస్టరు. గుమ్మంలో అడుగు పెట్టినవాళ్ళు నోరు తెరవకముందే వాళ్ళది ఏ రాష్ట్రమో, ఏ దేశమో, ఎంత బేరమాడతారో, పోయేటప్పుడు ఎన్ని తువ్వాళ్ళు సంచీలో పెట్టుకుంటారో చెప్పేస్తాడు. ఆధార్ కార్డు అడిగేది పోలీసుల కోసమే, తన కోసం కాదు.

"తమిళోళ్ళు తెల్లారి మూడుకే లేచి ట్యాంకు ఖాళీ చేస్తారు నాయనా. కన్నడమోళ్ళు నెమ్మదస్తులు, కాకపోతే కాఫీ బాగలేకుంటే రూమే వద్దంటారు. కేరళోళ్ళు రసీదు అడుగుతారు, రసీదు ఇస్తే రూలు అడుగుతారు. జపానోళ్ళంటావా, గడియారాన్ని మింగి పుట్టినోళ్ళు."

మామకు ఇంత పరిజ్ఞానం రావడానికి కారణం రాహుకేతువులే. గ్రహణం పడితే ఊళ్ళో, దేశంలో గుళ్ళు చాలావరకు తలుపులు వేసుకుంటాయి, వాయులింగేశ్వరుడు మాత్రం తెరుచుకునే ఉంటాడు. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆ గంటన్నరలో మినుములు, ఉలవలు, రెండు నాగపడగలు ముందర పెట్టుకుని కూర్చోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఈమధ్య రష్యావాళ్ళు కూడా బృందాలుగా వచ్చి చీరలు కట్టుకుని మరీ కూర్చుంటున్నారు. అటు శ్రీసిటీలో ఫ్యాక్టరీలు వచ్చాక జపాన్, కొరియా దొరలు కూడా సెలవు రోజున ఇటు తొంగిచూస్తున్నారు. ప్రపంచం చూడాలంటే మామ కుర్చీ దిగనక్కర్లేదు.

మామ సిద్ధాంతాల్లోని గొప్పతనం, అవి ఓడిపోవు. ఆరుగంటలకు రూము కావాలని చెప్పిన జపాన్ ఇంజనీరు తొమ్మిదిన్నరకు దిగాడు. అదీ పాస్‌పోర్టు మరిచిపోయి. "ఏం మామా, గడియారం మింగినాడంటివే?" అని రూంబాయ్ ఎకసెక్కం చేశాడు. మామ తొణకలేదు. "శ్రీసిటీలో మనోళ్ళతో నాలుగేళ్ళు తిరిగినాడు గదా, లోపలుండే గడియారం దెబ్బతినింది." రసీదు అడగని కేరళ మాస్టారు దుబాయిలో ఉండి పాడైపోయినోడు. కాఫీ ఎట్లా ఉన్నా తాగేసిన బెంగళూరు అబ్బాయి హాస్టల్లో పెరిగుంటాడు. లెక్క తప్పిన ప్రతిచోటా తప్పు మనిషిదే, లెక్కది కాదు.

మా ఊరి కలంకారీలోనూ ఇట్లాంటి లెక్క ఒకటుంది. కరక్కాయ, బర్రెపాలలో నానబెట్టిన బట్ట మీద బెల్లం, తుప్పినుము ఊరబెట్టిన నల్లరంగుతో గీతలు గీస్తారు. ఆ తర్వాత దేవుళ్ళకు నీలం, ఆడవాళ్ళకు పసుపు, రాక్షసులకు ఎరుపు వేస్తారు. దూరాన నిలబడినవాడికి కూడా రావణుడెవరో తెలియాలి కదా, బట్ట మీద అది న్యాయమే. మామ ఆ కుంచెను కౌంటరు దగ్గరికి తెచ్చుకున్నాడు, అంతే తేడా.

ఆయన రిజిస్టరు మాత్రం వేరే మాట చెబుతుంది. 'వచ్చిన పని' అనే గడిలో ఆయన చేతిరాతే ఉంటుంది: పెండ్లి. సంతానం. పెండ్లి. కోర్టు కేసు. వీసా. పెండ్లి. పెండ్లి. ఎడమవైపు గడిలో సేలం, హుబ్బళ్ళి, నాసిక్, త్రిస్సూరు మారుతూ ఉంటాయి గాని కుడివైపు గడిలో మారేదేమీ లేదు. మామ ఆ రెండు గడులూ కలిపి ఎప్పుడూ చదవలేదు. చదివితే వ్యాపారం ఏం కావాలి?

రష్యావాళ్ళకు సెంటిమెంట్లు ఉండవని, చలికి గడ్డకట్టుకుపోయి ఉంటాయని మామ పాతికమందికి చెప్పి ఉంటాడు. ఒకరోజు మాస్కో నుంచి అరవై ఏళ్ళ ఆవిడ దిగింది. అద్దెలో రెండువందలు తగ్గించమని సెల్‌ఫోను మీద అంకెలు నొక్కి చూపించి, చిత్తూరు కూరగాయల మార్కెట్లో పుట్టిన మనిషిలా బేరమాడింది. వచ్చిన పని ఏమిటని అడిగితే కొడుకు ఫొటో తీసి చూపించింది. ముప్పై అయిదు దాటాయట, పిల్ల కుదరలేదట. వెంట వచ్చిన గైడు ఆ ముక్క చెప్పగానే మామ సిద్ధాంతం పక్కన పెట్టి, "నక్షత్రం ఏందంట?" అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పుట్టిన తేదీ రాసుకుని తెలిసిన జోస్యుడికి ఫోను కూడా కొట్టాడు.

చిక్కు పూజ అయ్యాక వచ్చింది. రాహుకేతు పూజ చేయించుకున్నవాళ్ళు ఇంకే గుడికీ పోకుండా నేరుగా ఇంటికి పోవాలి. మామ ఆ మాట చెప్పగానే ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "మాస్కోకా?" అంది. మర్నాడు అరుణాచలానికి బండి మాట్లాడుకుని ఉందట. మామ కాసేపు పైకప్పు వంక చూసి తీర్పు చెప్పాడు. "ఈ రాత్రికి మా లాడ్జిలోనే పండుకోమను. అద్దె కట్టినంక అది ఇల్లే గదా."

ఇంత చెప్పే మామ మొన్న వేసవిలో కొడుకు దగ్గరికి హైదరాబాదు పోయాడు. అపార్టుమెంటులో కింది ఫ్లాటాయన ఏ ఊరని అడిగితే, అలవాటు కొద్దీ చిత్తూరు జిల్లా అన్నాడు. మా ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది 2022లోనే గాని మామ నోరింకా పోలేదు. "ఓహో, రాయలసీమా!" అని ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర చూసి పెరిగిన మనిషి. సీమలో సుమోలు గాల్లోకి లేస్తాయని, పొద్దున టిఫినుకు ముందు ఎవరో ఒకరు తొడ కొడతారని ఆయన నమ్మకం. మామ జీవితంలో పట్టిన ఆయుధం టెంకాయ కత్తి. బల్లి కనబడితే రూంబాయ్‌ని పిలుస్తాడు. ఇంతకుముందు మద్రాసులో ఎవడో 'గొల్టి' అన్నందుకు మూడు రోజులు అన్నం సహించని మనిషి, ఇక్కడ మాత్రం కిమ్మనలేదు. లేని మీసం దువ్వుకున్నాడు. దాంతో ఆర్నెల్లుగా కొడుక్కీ కింది ఫ్లాటాయనకీ నడుస్తున్న కారు పార్కింగు గొడవ ఆ సాయంత్రానికే తేలిపోయింది.

ఆ కింది ఫ్లాటాయన ఈ శ్రావణంలో కుటుంబంతో కాళహస్తి వచ్చాడు, కూతురి పెండ్లి పని మీదే. మామ చెప్పిన అద్దె చెప్పినట్టు కట్టి, పైన వంద పెట్టి, తువ్వాళ్ళు మడిచి మంచం మీద పెట్టి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు. ఆ రోజు నుంచి మామ కొత్త మాట అందుకున్నాడు: "హైదరాబాదోళ్ళు ధర్మాత్ములు నాయనా, బేరమే తెలీదు వాళ్ళకు."

పోయిన వారం సికింద్రాబాదు నుంచి వచ్చినాయన మూడువందలు తగ్గించేదాకా కౌంటరు వదల్లేదు. మామ రిజిస్టరులో పేరు రాసుకుంటూనే మా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇతను ఒరిజినల్ హైదరాబాదు కాదులే. గుంటూరు నుంచి పోయి సెటిలైనట్టుండాడు."