స్క్రిప్టు మీ కంప్యూటర్ గడప దాటకుండా ఉండాలంటే

స్క్రిప్టును మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇచ్చేయడం పరువు తక్కువ పని. ఇంటెల్ ల్యాప్‌టాప్ అయినా, ఏఆర్ఎం చిప్పుతో నడిచే రాస్ప్‌బెర్రీ పై అయినా, పైథాన్ ఉంటే చాలు, ఎవరికి వారు నడిపేసుకుంటారు. ఇక మీకు ఫోన్ చేసేదెవరు?

అందుకని ముందు మీ ఇంటెల్ మెషీన్ మీదే పైఇన్‌స్టాలర్‌తో దాన్ని బైనరీగా కట్టెయ్యండి. పది లైన్ల స్క్రిప్టు మెగాబైట్లలోకి ఉబ్బుతుంది, చూసినవాళ్లకు గౌరవం పుడుతుంది. రాస్ప్‌బెర్రీ పైలో అది ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని చెప్పి ఊరుకుంటుంది. 2020లో ఎం1 మ్యాక్‌లు తెచ్చినప్పుడు యాపిల్ వాళ్లు రొజెట్టా 2ను కూడా ఇచ్చి, ఇంటెల్ ప్రోగ్రాములను వాటి మీదా నడిపించి ఈ సరదా కొంత చెడగొట్టారనుకోండి. పీవైసీ ఫైలు ఇవ్వచ్చా అంటారా? దానికి ప్రాసెసర్‌తో పేచీ లేదు, పైథాన్ వెర్షన్ మారితేనే మొరాయిస్తుంది. మధ్యరకం ఫలితం.

అసలు మజా డేటా ఫైల్లో ఉంది. స్క్రిప్టు చదవాల్సిన తెలుగు పేర్లను యూటీఎఫ్-16లో, ముందు బైట్ల వరుస చెప్పే బీఓఎం గుర్తు పెట్టకుండా, మీ ప్రాసెసర్‌కు అలవాటైన బైట్ల వరుసలో రాయండి. ఇంటెల్‌ది లిటిల్ ఎండియన్, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ది బిగ్ ఎండియన్. (గుడ్డును ఏ కొస నుంచి పగలగొట్టాలని గల్లివర్ కథలో కొట్టుకున్నవాళ్ల పేర్లివి; 1980లో డానీ కోహెన్ తెచ్చి బైట్లకు తగిలించాడు.) ‘అటక’ అని రాసి పంపండి. అవతల బైట్లు తారుమారైతే ‘అ’ రష్యా ఉత్తరాన కోమి భాషకు వాడిన సిరిలిక్ అక్షరమవుతుంది, ‘ట’ పాత గ్రీకు ఆల్ఫా అవుతుంది, ‘క’ కెనడా ఆదివాసుల లిపిలో తేలుతుంది. మూడక్షరాలకు ఇంత దేశాటనం యూటీఎఫ్-8లో దొరకదు. అందులో బైట్ల వరుస ఏ చిప్పు మీదైనా ఒక్కటే.

అంకెలనూ ఇలాగే మెమరీలో ఉన్నవి ఉన్నట్టు ఫైల్లోకి దించండి. సీ భాషలో లాంగ్ అనేది 64-బిట్ లినక్స్‌లో 8 బైట్లు, విండోస్‌లో 4. జేసన్, సీఎస్‌వీ లాంటివి జోలికి రానివ్వకండి, వాటిని మనుషులు కూడా చదవగలరు.

షెల్ స్క్రిప్టయితే లైన్ల చివర విండోస్ పద్ధతే ఉంచండి. బ్యాష్ కళ్లెదుటే ఉన్నా, లినక్స్ మొదటి లైను చివర కనిపించని అక్షరం చూసి అలాంటిదేదీ లేదంటుంది.

ఇన్ని చేశాక కూడా అవతలివాళ్ల మెషీన్లో అది నడిచిందంటే, ఏదో ఫైలును పొరపాటున యూటీఎఫ్-8లో సేవ్ చేసి ఉంటారు. ఒకసారి చూసుకోండి.