నలుపంతా మురికే అనుకున్నాను

నాన్న సంవత్సరీకానికి నాలుగు రోజుల ముందు ఆయన ఫోను శుభ్రం చేద్దామని కూర్చున్నాను. చుట్టాలు వచ్చేసరికి హాల్లో ఆయన పటం కింద ఆ నల్ల ఫోను నిగనిగలాడుతూ ఉండాలని నా కోరిక. తెనాలిలో మా ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా మోగిన ఫోను అది. 1948లో బెంగళూరులో మొదలైన ఐ.టి.ఐ. ఫ్యాక్టరీలో తయారైంది. బటన్ల ఫోను వచ్చాక అటకెక్కింది.

అడుగున ఉన్న మరలు విప్పి పైపెట్టె ఎత్తాను. గంట గిన్నెల మీద వేలు మందాన దుమ్ము. తీగచుట్టల సందుల్లో సాలెగూడు, బొద్దింక గుడ్ల పెంకులు. డయలు వెనక పళ్ల చక్రాలకి పాత నూనె జిగురులా పట్టేసింది. సున్నా తిప్పి వదిలితే చక్రం సగం దూరం వచ్చి ఆగిపోతోంది. నాన్న వస్తువు ఆ స్థితిలో ఉండటం చూసి తట్టుకోలేకపోయాను. ఆ బాధలోనే తొందర పుట్టింది. ఎవరినీ అడగలేదు.

కుట్టుమిషను నూనె సీసా తెచ్చి డయలు వెనక ధారగా పోశాను. చక్రం జర్రున తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ చేత్తోనే చిన్న చిన్న లోహపు బొట్లలాంటి కాంటాక్టుల మీద నల్లమరకలు కనిపిస్తే, గరుకు కాయితం పెట్టి గీకాను. తర్వాత రిసీవరు పట్టుకున్నాను.

మాట్లాడే వైపు మూత తిప్పి తీస్తే లోపల రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద డబ్బీ ఒకటి ఉంది. దాని అంచు గట్టిగా మడిచి ఉంది. విప్పడానికి చేసింది కాదని ఆ మడతే చెబుతోంది. అయినా స్క్రూడ్రైవరు మొన దూర్చి అంచు లేపాను. లోపల పల్చటి రేకు, దాని కింద నల్లటి పొడి. చిటికెడు ఉంటుందేమో, మెరుస్తున్న సన్నటి రవ్వ. ఇన్నేళ్ల మసి ఇక్కడ పేరుకుందనుకున్నాను. పెరట్లో కుళాయి కిందికి తీసుకెళ్లి, సబ్బు నీళ్లలో పాత టూత్‌బ్రష్షుతో మూల మూలలా తోమాను. నల్లనీళ్లు పోయి తెల్లనీళ్లు వచ్చేదాకా వదల్లేదు. ఎండలో ఆరబెట్టి, అంచు మళ్లీ నొక్కి, అన్నీ బిగించి, తీగ కలిపి రిసీవరు చెవిన పెట్టుకున్నాను. ఏమీ లేదు. డయల్ టోను కూడా లేదు.

మా వీధి చివర టెలిఫోను డిపార్టుమెంటులో మెకానిక్కుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆ సాయంత్రం ఫోను చంకన పెట్టుకుని వెళ్లాను. ఆయన ముందు డయలు చూశారు. సున్నా తిప్పి వదిలి చెవి ఒగ్గి విన్నారు.

"నూనె పోశావా అబ్బాయ్?"

"పోశానండీ బాబాయిగారూ."

నంబరు వెళ్లేది మనం తిప్పినప్పుడు కాదట, వదిలాక చక్రం వెనక్కి వచ్చేటప్పుడట. లైను సెకనుకి పదిసార్లు తెగి కలవాలి. సున్నా అంటే పదిసార్లు తెగడం, అంటే దాదాపు ఒక సెకను. ఆ వేగం తప్పకుండా చూడటానికి వెనక చిన్న గిన్నెలో బ్రేకు ఉంటుంది. ఇరుసు తిరిగే కొద్దీ రెండు బుల్లి బరువులు పక్కలకి విచ్చుకుని గిన్నె గోడకి రాసుకుంటాయి. ఆ గోడ పొడిగా ఉండాలి. నూనె తగిలితే పట్టు జారి చక్రం పరుగెడుతుంది, ఎక్స్ఛేంజికి లెక్క తప్పుతుంది. ఇరుసుకి సూది మొనతో ఒక్క చుక్క, గిన్నెలో ఏమీ వద్దు. కాంటాక్టులకైతే స్పిరిటులో తడిపిన దళసరి కాయితం ముక్క మధ్యలో పెట్టి మెల్లగా లాగితే చాలునట. గరుకు కాయితం గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. ఇవన్నీ ఆయన కోప్పడకుండా చెప్పారు.

డబ్బీ దగ్గరకొచ్చేసరికి మాట ఆగింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. మళ్లీ ఊపారు.

"ఇందులో రవ్వ ఏదీ?"

చెప్పాను.

ఆయన చాలాసేపు డబ్బీని చేతిలోనే తిప్పుతూ ఉండిపోయారు. అది మసి కాదు, బొగ్గు రవ్వ. మనం మాట్లాడితే రేకు కదిలి ఆ రవ్వని నొక్కుతుంది. రవ్వ దగ్గరయితే కరెంటు ఎక్కువ పారుతుంది, వదులైతే తగ్గుతుంది. ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు ఆ రవ్వలోంచి వెళుతూ మాట ఆకారం తెచ్చుకుంటుంది. రవ్వ లేకపోతే దారే లేదు. అందుకే డయల్ టోను కూడా రాలేదు. 1878లో ఇంగ్లండులో హెన్రీ హన్నింగ్స్ అనే చర్చి గురువు ఇలా బొగ్గు రవ్వ నింపి పేటెంటు తీసుకున్నాడని తర్వాత చదివాను. ఆపైన దాదాపు నూరేళ్లు లోకమంతా ఫోన్లలో ఆ బొగ్గులోంచే మాట్లాడింది.

"పాతబడితే రవ్వ గడ్డ కడుతుంది, మాట సన్నగిల్లుతుంది. అప్పుడు రిసీవరు ఇలా తట్టేవాళ్లం" అంటూ ఆయన అరచేతిలో రెండుసార్లు తట్టి చూపించారు.

నాకు నాన్న కనిపించారు. ట్రంక్ కాల్ మధ్యలో అవతలివాళ్లు "వినపడట్లేదు, వినపడట్లేదు" అంటుంటే ఆయన అచ్చం అలాగే తట్టి, మళ్లీ మాట అందుకునేవారు. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు చూశానో! అది ఆయన అలవాటు అనుకున్నాను, ఎందుకని అడగలేదు. అక్క పెళ్లి కుదిరిందని తాతయ్యకి చెప్పింది, నేను పరీక్ష పాసయ్యానని మద్రాసు మామయ్యకి చెప్పింది, ఆ చిటికెడు రవ్వలోంచే. ఆయన గొంతు మా దగ్గర ఏ క్యాసెట్టులోనూ లేదు. రవ్వలో గొంతు మిగిలి ఉంటుందని కాదు, ఉండదని నాకు తెలుసు. కానీ ఆయన ఊపిరి తగిలి కదిలిన వస్తువు ఇంట్లో అదొక్కటే, దాన్ని నా చేతులతో తోమి పారబోశాను.

బాబాయిగారు తన రేకుపెట్టెలోంచి అలాంటి డబ్బీయే ఒకటి తీసి బిగించారు. డయలు గిన్నె స్పిరిటుతో తుడిచి ఆరబెట్టారు. రెండు ఫోన్లకి బ్యాటరీ కలిపి ఒకటి నాకిచ్చి, పక్క గదిలోంచి "హలో" అన్నారు. మాట బాగానే వచ్చింది. నేను వెంటనే పలకలేకపోయాను.

సంవత్సరీకం నాడు ఫోను పటం కింద పెట్టాం. అందరూ మెచ్చుకున్నారు, నేను నోరు మెదపలేదు. చుట్టాలు వెళ్లాక రాత్రి అమ్మకి మొత్తం చెప్పాను. ఆమె విని, "ఆ నీళ్లు ఎక్కడ పోశావురా?" అని అడిగింది. పెరటి కుళాయి నీళ్లు వెళ్లేది అరటి పాదులోకే. చూపించాను. అమ్మ లైటు వేయించి కాసేపు ఆ పాదు వైపు చూస్తూ నిలబడింది. తర్వాత లైటు ఆర్పమని లోపలికి వెళ్లిపోయింది.