సంద్రమార్గ సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: “ఎంతో దూరం నేదు బాబూ, తోట దాటితే సంద్రమే.”

అవతారిక: శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, తారురోడ్డు ఆగిపోయిన చోట బొండాలమ్మే మామ్మ మాతో అన్న మాట ఇది. మార్చి నెల ఎండ. ఆమె అడ్డపొగ పీలుస్తోంది. చుట్ట నిప్పు నోట్లో ఉండగా చెప్పింది కనక అగ్నిసాక్షి వాక్యమనే గ్రహించాం.

ప్రతిపదార్థం: ఎంతో దూరం = ఆమెకు సగం చుట్ట, మాకు రెండు సీసాల నీళ్లు; నేదు = లేదు (ఈ అర్థాన్ని నడిచినవాళ్లెవరూ ఒప్పుకోరు); బాబూ = ఈ ఎండలో మీకిదేం పని; తోట = జాత్యేకవచనం: జీడితోట, కొబ్బరితోట, మళ్లీ జీడితోట, ఆపైన సరుగుడు; దాటితే = దాటగలిగితే; సంద్రమే = సముద్రం మాత్రమే. ఇక్కడి ఏకారం అవధారణార్థకం. టీకొట్టు లేదు, మొక్కజొన్న పొత్తులు లేవు, గుర్రమెక్కించి ఫొటో తీసేవాడు లేడు అని భావం. సూత్రం మొత్తంలో కల్తీ లేనిది ఈ ఒక్క అక్షరమే.

తాత్పర్యం: ఉద్దానం అనే పేరు ఉద్యానం నుంచి వచ్చిందంటారు. ఆ వ్యుత్పత్తిని నమ్మి టోపీలు కారులోనే వదిలేశాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరిచెట్లను ఎలా పడగొట్టిందో వ్యుత్పత్తిలో ఉండదు కదా. మొగలిపొదల దగ్గర ఇసుక మొదలైంది. చెప్పులు చేతికొచ్చాయి, అరికాళ్లు చుర్రుమనగానే మళ్లీ కాళ్లకెళ్లాయి.

దిబ్బ దిగాక మనిషి అడుగన్నది ఒక్కటీ లేదు. ట్రాక్టరు టైరు జాడలాంటిది మాత్రం నీళ్లలోంచి పైకొచ్చి, ఒకచోట ఇసుకను కలియబెట్టి, తిరిగి నీళ్లలోకే పోయింది. ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రి వచ్చి వెళ్లిన దారి అది. వందకు అటూఇటూగా గుడ్లు పెట్టి పూడ్చి వెళుతుంది, దారి ఎవర్నీ అడగదు. మేం పక్కకు తప్పుకుని నడిచాం. పీతలన్నీ బొరియల్లో దూరాయి. ఒక్కటి మాత్రం అగ్గిపుల్లల్లాంటి కళ్లు పైకి పెట్టి, మేం కదిలేదాకా కదల్లేదు.

విశేషం: సూత్రంలోని అలంకారం అల్పోక్తి అని నేను, పచ్చి అబద్ధమని మా బావ. తిరిగొచ్చి మామ్మ బల్ల మీద కూలబడ్డాం. బొండాలు అప్పటికే చెక్కి ఉన్నాయి. ఇద్దరికి నాలుగు.