అడగనిదే అమ్మైనా పెట్టదు, ఏపీఐ పెడుతుందా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, కట్టిన ఇంటి లెక్కలు కంప్యూటర్లోంచి తీసి చూడు అనలేదు. కంప్యూటర్లు లేని రోజులు కాబట్టి బతికిపోయారు. ఇవాళ పెద్ద కట్టడాల లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్లోనే కాపురం ఉంటున్నాయి. మొత్తం పనిని ముక్కలు చేసి, ముక్కకో కోడ్ ఇచ్చి, ఆ కోడ్ కింద ఖర్చూ గడువూ రాసుకునే ఏర్పాటుకు డబ్ల్యూబీఎస్ అని పేరు. ఆ ముక్కల్ని ఇంకో ప్రోగ్రాము వచ్చి అడిగి పట్టుకుపోయే కిటికీ పేరు ఏపీఐ. ఆ కిటికీ ముందు నిలబడ్డ ప్రతివాడూ తిట్టేది కిటికీనే. మొండిదంటారు, మాట వినదంటారు, సగం సగం ఇస్తుందంటారు. ఆ మొండితనమే దాని సుగుణమనీ, తంటా అంతా అవతల కూర్చుని పనులకు పేర్లు పెట్టిన మనుషులదేననీ నా వాదన.

ముందు ఆ మొండితనం ఏపాటిదో చూద్దాం. భారీ ప్రాజెక్టుల షెడ్యూళ్లకు పేరుపడ్డ ప్రిమవెరా పీ6నే తీసుకోండి. 1983లో పుట్టిన ప్రిమవెరా కంపెనీని 2008లో ఒరాకిల్ కొనుక్కుంది. యజమాని మారినా దాని నిక్కచ్చితనానికి లోటు రాలేదు. 'ఈ ప్రాజెక్టు డబ్ల్యూబీఎస్ ఇవ్వు నాయనా' అని దాని ఏపీఐని అడిగితే ఇవ్వదు. ఏయే గడులు కావాలో పేరుపేరునా చెప్పాలి. పేరు అడిగితే పేరు ఇస్తుంది, కోడ్ అడిగితే కోడ్ ఇస్తుంది. ఏ ముక్క దేని కిందిదో చెప్పే తండ్రి నంబరు అడగడం మరిచిపోయామా, ఊరి జనమంతా వచ్చి నిలబడతారు గానీ ఒక్కరి ఇంటిపేరూ తెలియదు. ఎందుకంటే తెర మీద కొమ్మలూ రెమ్మలుగా కళకళలాడిన చెట్టు, కిటికీలోంచి బయటికొచ్చేసరికి కట్టెల మోపు అయిపోతుంది. 'స్లాబ్' అని ఒక వరస వస్తుంది. ఏ బ్లాకు స్లాబ్? తండ్రి నంబరు 4987 అనుకోండి. ఆ 4987 ఎవరని వెతికితే 'రెండో అంతస్తు' అని తేలుతుంది, దాని తండ్రి మరెక్కడో ఉంటాడు. కొన్ని సాఫ్ట్‌వేర్లయితే వరసల్ని పేజీలుగా కోసి ఇస్తాయి, కొడుకు మొదటి పేజీలో దొరికితే తండ్రి మూడో పేజీలో తేలతాడు. తొందరపడి గబగబా అడిగితే 429 అనే అంకె ముఖాన కొడుతుంది. మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు, కాసేపాగు అని దాని అర్థం. ఈ విసుగుకు 2012లోనే ఇంటర్నెట్ ప్రమాణాల్లో అధికారికంగా నంబరు కేటాయించారు. మన ఆఫీసుల్లో ఇదే విసుగు నంబరు లేకుండానే తరతరాలుగా నడుస్తోంది.

'అదే మనిషైతే టీ ఇప్పించి, నాలుగు మంచిమాటలు చెప్పి పని జరిపించుకోవచ్చు కదా' అనవచ్చు. జరిపించుకోవచ్చు, ప్రమాదమూ అక్కడే ఉంది. టీ తాగిన మనిషి లేని లెక్కనైనా ఉన్నట్టు చూపించగలడు. మన ప్రభుత్వ పనుల్లో కొలతలు రాసే పుస్తకం, ఎం-బుక్ ఉంటుంది. కొలత ఒకసారి అందులోకి ఎక్కితే చెరపడానికి వీల్లేదు. తప్పయితే కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఎం-బుక్‌ను అలా మొండిగా తయారుచేసింది మనిషి మెతకదనం తెలిసే. ఏపీఐ అదే కోవకు చెందింది. టీ తాగదు గనక మొహమాటపడదు, మొహమాటపడదు గనక కల్పించదు.

మరి లోపం ఎక్కడ? పేర్లలో. పనిని ముక్కలు చేసే పద్ధతిని అమెరికా రక్షణ శాఖ 1968లోనే ఒక ప్రమాణంగా రాసిపెట్టింది. ఈ విద్యలో నూరు శాతం సూత్రం ఒకటుంది. పిల్లలన్నీ కలిస్తే తండ్రి కావాలి, వీసమెత్తు తగ్గకూడదు, పెరగకూడదు. సూత్రం బంగారంలాంటిది. మనవాళ్లు దాన్ని పాటించే తీరు ఇంకా గొప్పది. తొంభై శాతానికి పేర్లు దొరికాక, మిగిలిన పదికీ కలిపి 'ఇతరములు' అని రాసి చేతులు దులుపుకుంటారు. నూరూ నిండింది, సూత్రమూ బతికింది. బిల్లులు వచ్చేసరికి సెంట్రింగ్ చెక్క, వాచ్‌మన్ జీతం, పగిలిన టైల్స్ అన్నీ అందులోకే దూరతాయి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. ఏపీఐ మాత్రం 'ఇతరములు' అనే వరసను భక్తిగా తెచ్చి చేతిలో పెడుతుంది. అందులో ఏముందో అది చెప్పదు. మనం చెప్పలేదు మరి.

పద్ధతిగా పేర్లు పెట్టుకున్నవాళ్లకూ తిప్పలు తప్పవనే మాట నిజమే. ఉత్తర అమెరికాలో పనుల వర్గీకరణకు వాడే మాస్టర్‌ఫార్మాట్‌లో చాలాకాలం 16 విభాగాలుండేవి. 2004లో వాటిని 50కి పెంచారు. కాంక్రీటు 03లోనే కదలకుండా కూర్చుంది గానీ, 16లో ఉన్న కరెంటు పని మూటాముల్లె సర్దుకుని 26కు మారింది. పాత ప్రాజెక్టునూ కొత్త ప్రాజెక్టునూ పక్కపక్కన పెట్టి పోల్చబోయేవాడికి ఒకదాంట్లో కరెంటే లేనట్టు కనిపిస్తుంది. అయితే ఈ తిప్పలకు మందుంది. పాత నంబరుకూ కొత్త నంబరుకూ పట్టిక రాసుకుంటే సరిపోతుంది. 'ఇతరములు'కు ఏ పట్టిక రాస్తారు?

'ఇంత గొడవెందుకు, ఎక్సెల్‌లోకి దించుకుంటే పోలా?' అనేవాళ్లున్నారు. ఒకసారికైతే పోతుంది. కానీ దించిన మరుక్షణం అది నిన్నటి పేపరు. వారం తిరిగేసరికి ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్ అని ముగ్గురు వారసులు తయారై ఆస్తికి పోట్లాడుకుంటారు. 'ఇప్పుడు ఏఐ వచ్చింది, పేర్లు అదే ఊహించుకుంటుంది' అనేది సరికొత్త ధీమా. ఊహిస్తుంది, కాదనను. కాంట్రాక్టరు బిల్లును ఊహ మీద పాస్ చేసే ధైర్యం ఎవరికుందో ముందుకు రండి.

శంకుస్థాపన రోజున పురోహితుడు పేరేమిటి, గోత్రమేమిటి అని అడుగుతాడు. చెప్పందే సంకల్పం సాగదు. ఆయన్ని మొండివాడని ఎవరూ తిట్టరు, తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడిగైనా చెబుతారు. ఏపీఐ అడిగేదీ అవే రెండు, పేరూ తండ్రి నంబరూ. ముగ్గు పోసేనాడు యజమాని గోత్రంతోపాటు పనుల గోత్రాలు కూడా తేల్చుకుంటే, గృహప్రవేశం నాటికి లెక్కలు వాటంతటవే నడిచొస్తాయి.