సీమావు ఇచ్చిన కొలువు

2025 జూలైలో నంది కొండ మీద కొలువుదీరిన కర్ణాటక మంత్రివర్గం మా బాగేపల్లికి భాగ్యనగరం అని పేరు పెట్టాలని తీర్మానించింది. బోరు వేయిస్తే వెయ్యడుగులు దాటినా తడి తగలని తాలూకా ఇది. డిగ్రీ చేతికొచ్చిన పిల్లోడు తెల్లారకముందే బెంగళూరు బస్సు కోసం పరిగెత్తే ఊరు. అయినా భాగ్యం వచ్చేసింది! పేరు మారిస్తే రాత మారుతుందని కొండెక్కినవాళ్లకు తోచడంలో వింతేమీ లేదు. నిరుద్యోగానికి ఢిల్లీవాళ్లు ఇదే వైద్యం ఏనాడో చేసేశారు.

నమ్మకం కుదరకపోతే చింతామణి దారిలో ఒక పల్లెకు రండి. పల్లె పేరు అడక్కండి, నేను కల్పించిందే. అక్కడున్న సీమావు మాత్రం కల్పన కాదు, మా దగ్గర ఇంటింటా ఉన్నదే. ఆ ఇంట్లో బీకాం పాసై రెండేళ్లయిన కుర్రాడున్నాడు. తెల్లవారగానే పాలు పిండి, క్యాను మోసుకెళ్లి డెయిరీలో పోసొస్తాడు. పాసుబుక్కు నాయన పేరు మీద, డబ్బు నాయన చేతికి. కుర్రాడికి దక్కేది ఆవు తోకదెబ్బ.

గుమ్మంలోకి ఉద్యోగాల లెక్క రాసుకునే కేంద్రం సర్వే ఆయన వచ్చాడనుకోండి.

"పోయిన వారం ఏమైనా పని చేసినావా అబ్బాయ్?"

"పని యాడుంది సార్! రెండేండ్లుగా ఎతుకుతానే ఉండాను."

"అది కాదప్పా. ఒక్క గంటైనా?"

"పాలు పిండినా."

సర్వే ఆయన మొహం విప్పారుతుంది. ట్యాబ్‌లో 21 అని నొక్కుతాడు. 21 అంటే ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయకుడు. అంటే కార్మికుడు. వారానికి 168 గంటలు. అందులో ఏదో ఒక రోజున ఒక్క గంట పని చేస్తే వారమంతా కొలువులో ఉన్నట్టే. మిగతా 167 గంటలు రావికట్ట మీద ఈగలు తోలుకున్నా ఢిల్లీకి అభ్యంతరం లేదు.

ఈ గంట సూత్రం మనవాళ్ల సొంత తెలివేనని మురిసిపోవడానికీ లేదు. అంతర్జాతీయంగా 1982లోనే ఒప్పుకున్న కొలత అది. పని పోతే భృతి దొరికే దేశాల్లో ఆ కొలతకు ఏదో అర్థముంది. మా దగ్గర ఖాళీగా కూర్చోవాలన్నా స్తోమత ఉండాలి. లేనివాడు ఒక పూట టమోటా మండీలో బాక్సులు మోస్తాడు, ఇంకో పూట శిడ్లఘట్ట వైపు మల్బరీ ఆకు కోస్తాడు. పూర్తిగా ఖాళీగా ఉన్న పేదవాణ్ని పట్టుకోవడం సర్వేవాళ్ల తరం కాదు.

2017-18లో నిరుద్యోగం ఏడాది లెక్కన 6.1 శాతమని ఈ సర్వేలోనే తేలింది. ఆ నివేదిక అధికారికంగా బయటికొచ్చింది 2019 ఎన్నికలు ముగిశాకే. 2023-24కు వచ్చేసరికి అదే లెక్కన 3.2 శాతం. అదే ఏడాది, అదే జనాన్ని వారం లెక్కన కొలిస్తే 4.9. మనుషులు వాళ్లే, గజంబద్ద వేరు. పనిలో ఉన్నారని రాసుకున్న ప్రతి వందమందిలో 19 మందికి పైగా మన 21 నంబరు వాళ్లే.

తమాషా ఏమిటంటే ఇదే కుర్రాడు బెంగళూరు లెక్కలో నిరుద్యోగి. డిగ్రీ పాసై 180 రోజులైనా పని దొరకనివాడికి యువనిధి కింద నెలకు 3,000 రూపాయలు, రెండేళ్ల దాకా ఇస్తామంది రాష్ట్రం. తనకింకా పని దొరకలేదని వాడే చెప్పుకుంటూ ఉండాలి. ఆ ప్రకారం చెంబు పట్టుకుని కూర్చున్నంతసేపు కేంద్రం మనిషి, లేచి చేతులు కడుక్కున్నాక రాష్ట్రం మనిషి.

వాళ్లక్క ఎంఏ, బీఈడీ. రెండుసార్లు టీచరు పరీక్ష రాసి, విసిగి, దరఖాస్తులు పెట్టడం మానేసింది. ఆమెకు 92 పడింది, ఇంటిపని. వెతకడం మానేసినవాళ్లు నిరుద్యోగులు కారు, అసలు శ్రామికుల లెక్కలోకే రారు. జనం ఎంత విసిగితే నిరుద్యోగం అంత తగ్గుతుందన్నమాట. కొట్టంలో పేడ తీస్తున్నానని నోరు జారి ఉంటే ఆమెకూ 21 పడేది, ఇంటికి రెండు కొలువులయ్యేవి.

ఇంతసేపూ తలుపు చాటున విన్న తల్లి ముందుకొచ్చింది.

"ఆవు వట్టిపోతే వీని పని పోతుందా సారూ?"

"పోదమ్మా. ఏడాది లెక్కలో 30 రోజులు చేసుంటే చాలు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "అట్లయితే వీనికి ఉద్యోగముందని ఒక కాయితం మీద రాసి, మొహరు కొట్టి ఇయ్యండి సారూ. పిల్లనిచ్చేవాళ్లు ఎవురొచ్చినా మొదట అదే అడుగుతా ఉండారు."

సర్వే ఆయన అప్పటికే ట్యాబ్ సంచిలో పెట్టేసి, చెప్పులు ఎక్కడ విడిచాడో వెతుక్కుంటున్నాడు.