గోదావరి నిండా నీళ్లు, బ్యాటరీకి చుక్క లేదు

కోనసీమలో కరెంటు పోవడానికి పెద్ద కారణాలు వెతకనక్కర్లేదు. గాలి కాస్త గట్టిగా వీస్తే కొబ్బరి మట్ట వచ్చి తీగల మీద పడుతుంది. గాలి లేని రోజున, ఆ మట్ట పడకముందే కొట్టేద్దామని లైన్‌మన్ ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుంటాడు. ఎటు తిరిగీ పోయేది కరెంటే. ఊరి జనం దీనికి ఏనాడో అలవాటుపడ్డారు. విసనకర్ర పట్టుకుని అరుగు మీదికి చేరతారు. అలవాటుపడనిది సర్కారీ కంప్యూటరు ఒక్కటే. అందుకే దాని బల్ల కింద నల్లటి పెట్టె ఒకటి పెట్టారు. దాని పేరు యూపీఎస్, అంటే అంతరాయం లేకుండా కరెంటు ఇచ్చేది. ఆఫీసుల్లో ఇలాంటి పేర్లకు కొదవ లేదు. ‘అతి జరూరు’ అని రాసిన ఫైళ్లు కూడా ఆ గదిలోనే, ఆరేళ్లుగా ఉన్నాయి.

డెల్టాలో ఏదో ఒక మండలాఫీసు అనుకుందాం. కొడుకు కాలేజీ ఫీజు కోసం ఆదాయం సర్టిఫికెట్టు కావాలని ఒకావిడ పొద్దున్నే వచ్చి కూర్చుంది. మధ్యాహ్నానికి సర్వర్ కరుణించింది. వివరాలన్నీ ఎక్కాయి, ఇక ఒక్క నొక్కు నొక్కితే చాలు. ఫ్యాను ఆగింది. బల్ల కింద పెట్టె ‘కీ... కీ...’ అని కూత పెట్టింది. ‘నొక్కెయ్యండి మేడం, నొక్కెయ్యండి’ అని గదిలో ఉన్నవాళ్లంతా లేచారు. మూడో కూతకి తెర నల్లబడింది.

‘‘పోయిందండీ’’ అన్నాడు అటెండరు.

‘‘కరెంటా బాబూ?’’

‘‘అది ఇందాకే పోయిందండి అమ్మా. ఇప్పుడు పోయింది యూపీఎస్సండి.’’

ఆ పెట్టెను తిట్టే ముందు దాని ఒంట్లో ఎంత సత్తువ ఉందో చూడాలి. ఇలాంటి చిన్న యూపీఎస్‌లో ఉండేది సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ. గుణిస్తే 84 వాట్ అవర్లు. కంప్యూటరూ తెరా కలిసి వంద వాట్లు లాగుతాయనుకుంటే కాగితం మీద ముప్పావుగంట దాటి రావాలి. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీ నెమ్మదిగా వాడితేనే పూర్తిగా ఇస్తుంది. గబగబా లాగితే సగం దగ్గరే చేతులెత్తేస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు పదిహేను, ఇరవై నిమిషాలొస్తే గొప్ప. నిజానికి ఆ పెట్టె పని పొద్దస్తమానం ఆఫీసు నడపడం కాదు, చేతిలో పని సేవ్ చేసి మర్యాదగా షట్‌డౌన్ చేసుకునే వ్యవధి ఇవ్వడం. ఆ మాట పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఉంది. పుస్తకం బీరువాలో ఉంది. బీరువా తాళం బదిలీ మీద వెళ్లిన వారి దగ్గర ఉంది.

ఇక ఆ పెట్టె వెనక ప్లగ్గుల సంగతి. వంగి చూసినవాళ్లకు డెల్టా జీవితమంతా అక్కడే కనబడుతుంది. ఒక ప్లగ్గు కంప్యూటరుది. రెండోది జంక్షన్ బాక్సుది. ఆ బాక్సులోంచి మూడు సెల్‌ఫోన్ ఛార్జర్లు, ఒక టేబుల్ ఫ్యాను, వేంకటేశ్వరస్వామి పటం చుట్టూ తిరిగే సీరియల్ లైట్లు, దోమల మందు మిషను. కోనసీమ దోమ సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మిషన్ని తప్పుపట్టరు. కానీ లేజర్ ప్రింటరును కూడా అక్కడే తగిలించిన చేతికి దండం పెట్టాలి. కాగితం మీద పొడి అంటుకోవాలంటే ప్రింటర్ లోపలి రోలర్ కాలాలి. ఆ వేడెక్కే క్షణంలో అది ఇస్త్రీపెట్టెలా వందల వాట్లు గుంజుతుంది. మూడో కూతకే తెర నల్లబడిన రహస్యం అదే.

దీనికి తోడు ఎండ. ఇలాంటి బ్యాటరీకి 25 డిగ్రీలు సుఖం. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందని బ్యాటరీలు తయారుచేసేవాళ్లే చెబుతారు. రాజమండ్రిలో మే నెల 40 దాటడం ఏటా ఉన్నదే. ఏసీ ఉండేది ఆఫీసరు గారి గదిలో. బ్యాటరీ ఉండేది బల్ల కింద, పాత అడంగళ్ల కట్టల మధ్య.

అసలు గోదావరి జిల్లాలకు బ్యాటరీ గొడవ రావడమే వింత. పక్కనే గ్యాస్ దొరికే కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్. ఆ గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరిలో, జేగురుపాడులో, పెద్దాపురంలో కరెంటు ప్లాంట్లు కట్టారు. సామర్లకోటలో ఏకంగా 2,400 మెగావాట్లకు తలపెట్టారు. తర్వాత ఆ బేసిన్‌లోని డీ6 బావుల్లో గ్యాస్ తగ్గిపోయింది, సామర్లకోట ప్లాంటు కరెంటు అమ్మిన పాపాన పోలేదు. అందులో కొంత యంత్రసామగ్రి బంగ్లాదేశ్‌కు ఓడెక్కింది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించిన రోజుల్లో ఈ ప్లాంట్లలో కొన్నింటి పొగగొట్టాలు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాయి.

కంప్యూటర్లు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ పేరుతో 1998లో మొదలై, ఈ-సేవ మీదుగా, 2011లో మీసేవ దాకా వచ్చాయి. 2019 అక్టోబర్ 2న కాకినాడ దగ్గరి కరపలో గ్రామ సచివాలయాలను ప్రారంభించాక ఊరూరికీ చేరాయి. రాష్ట్రంలో అప్పట్లో దాదాపు 15 వేల సచివాలయాలు. చేపలకు మత్స్య సహాయకుడు, పట్టుపురుగులకు ఒక సహాయకుడు, గొడ్డూగోదాకు ఒకరు, వీధిలో తీగలకు ఎనర్జీ అసిస్టెంటు, కంప్యూటరు ముందు కూర్చోవడానికి డిజిటల్ అసిస్టెంటు. బల్ల కింద బ్యాటరీకి మాత్రం ఎవరూ లేరు. అది వీధి తీగ కాదు కనుక ఎనర్జీది కాదు, తెర కాదు కనుక డిజిటల్‌ది కాదు. పట్టుపురుగుకున్న పాటి దిక్కు కూడా దానికి లేదు.

కొనడం వేరు, సాకడం వేరు. కొనడానికి జీవో వస్తుంది, టెండరు వస్తుంది, కొబ్బరికాయ కొడతారు. సాకడానికి వచ్చేది ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం. అది కూడా మార్చి నెలాఖరుకు ముగిసి, మళ్లీ ఎప్పుడు పొడిగిస్తారో తెలియని స్థితిలో ఉంటుంది.

మనమే ఇలా అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కంప్యూటర్ల వాడకంలో ఎంతో ముందున్న దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబర్ 26న డేజన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో మంటలు లేచాయి. మొదట అంటుకున్నవి సర్వర్లు కావు, వాటిని కాపాడటానికి పెట్టిన యూపీఎస్ బ్యాటరీలు. అవీ పదేళ్లు దాటిన లిథియం బ్యాటరీలు. వాటిని వేరే చోటికి తరలించే పనిలో ఉండగానే ఈ ప్రమాదం. ఆగిపోయిన ప్రభుత్వ సేవలు మొదట 647 అన్నారు, తర్వాత లెక్క 709కి చేరింది. ఉద్యోగుల దస్త్రాలు 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. మరీ పెద్దవి, అందుకే వేరే చోట నకలు పెట్టలేదన్నారు. మన రికార్డు రూములో కాలిపోవడానికి అంత డేటా లేదు కనుక ఆ భయం ప్రస్తుతానికి లేదు.

తిరిగి మన మండలాఫీసుకు వద్దాం. చిన్న పెట్టెలతో లాభం లేదని అక్కడ పెద్ద ఇన్వర్టరు ఒకటి, దానికి రెండు ట్యూబులర్ బ్యాటరీలు కూడా తెచ్చారు. సీల్డ్ బ్యాటరీలా వీటిని వదిలేస్తే కుదరదు. ఛార్జింగ్‌లో నీరు ఆవిరవుతుంది. కొన్ని నెలలకోసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. నీరు తగ్గి ప్లేట్లు బయటపడితే సల్ఫేట్ పట్టి గట్టిపడతాయి. కుళాయి నీళ్లు పోయకూడదు, వాటిలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. సముద్రం పక్క ఊళ్ల బోరు నీళ్లయితే చెప్పనే అక్కర్లేదు. కొందరు తెలివిగా ఏసీ గొట్టం కింద బకెట్టు పెట్టి ఆ నీళ్లు పోస్తారు. కాయిల్ మీది దుమ్మూ లోహమూ అందులో ఉంటాయి కనుక అదీ పనికిరాదు.

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది. అప్పట్నుంచి డెల్టాలో నీటికి పెద్దగా లోటు లేదు. ఈ ఆఫీసు కిటికీలోంచి చూస్తే పంట కాలువ నిండుగా పోతూ కనబడుతుంది. బ్యాటరీకి కావలసిన అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ కోసం మాత్రం అటెండరు ముందు నోటిమాటగా అడిగాడు. ఇండెంటు రాయమన్నారు. రాశాడు. కంటింజెన్సీలో పద్దు లేదన్నారు. కంప్యూటరు పద్దులో రాశాడు. నీళ్లు కంప్యూటరు సామాను ఎలా అవుతాయని జిల్లా నుంచి కొర్రీ వచ్చింది. జవాబు వెళ్లింది. ఈలోగా రెండు తుపాన్లు, ఒక ఎన్నిక గడిచాయి.

చివరికి నీళ్ల క్యాను మంజూరై వచ్చింది. బ్యాటరీలను కండెమ్ చేస్తూ అంతకు రెండు రోజుల ముందే సంతకాలయ్యాయి. సీసం కనుక పాత బ్యాటరీలకు మంచి ధర పలుకుతుంది. వేలం ఎప్పుడని ఇద్దరు ముగ్గురు అప్పుడే వచ్చి అడిగి వెళ్లారు. నీళ్లను ఇంటికి పట్టుకెళ్లడానికి నిబంధన ఒప్పుకోదు, పారబోయడానికీ ఒప్పుకోదు.

‘‘క్యాను మంచిదండి సార్, మూత కూడా గట్టిది’’ అన్నాడు అటెండరు. ‘‘2027లో పుష్కరాలొస్తున్నాయి కదండీ, గోదావరి నీళ్లు పట్టుకోడానికి పనికొస్తుందండి.’’

సూపరింటెండెంటు గారు స్టాక్ రిజిస్టరు తీసి, దాన్ని ఏ పేజీలో ఎక్కించాలా అని చూస్తుండగా కరెంటు పోయింది.