చదువు పేరుతో కొన్న ఆట

నా మొదటి కంప్యూటర్ ఎందుకు చెడిపోయిందని ఎవరైనా అడిగితే దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కాలిపోయిందని చెబుతూ వచ్చాను. అది సగం నిజం. ఆటలు ఆడుకోవాలన్న కోరికతో కంప్యూటర్ అడిగి, ఇంట్లో మాత్రం చదువు కోసమన్నాను. ఆ ఒక్క అబద్ధం వల్ల అందులో ఏ భాగానికీ ఇంకో భాగంతో పొత్తు కుదరలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి కారణం, మన ఇళ్ళల్లో మొదటి కంప్యూటర్ ఇప్పటికీ చాలాచోట్ల ఇలాగే వస్తుండడమే.

అది 2018. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చి ఇంజనీరింగ్ సీటు ఖాయమైంది. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. అక్కడి ఉద్యోగుల పరపతి సంఘమైన సీసీఎస్‌లో లోను పెట్టి అరవై వేలు తెచ్చారు. "కోడింగ్‌కి మంచి కంప్యూటర్ ఉండాలి నాన్నా" అన్నాను. నా మనసులో ఉన్నది మాత్రం స్నేహితుడి ఇంట్లో చూసిన విచర్ 3 ఆట. ఖమ్మం నుంచి సికింద్రాబాద్ వెళ్ళాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతస్తుల నిండా కంప్యూటర్ దుకాణాలే. ఒక దుకాణంలో కుర్రాడు ముందుగా అడిగిన ప్రశ్న సరైనదే: "ఏం పనికి సార్?" నాన్న "మావాడి ఇంజనీరింగ్ చదువుకండీ" అన్నారు. నేను తల ఊపాను. ఆ కుర్రాడు ఇచ్చిన సలహాలో తప్పేమీ లేదు. మేం చెప్పిన పనికి తగిన యంత్రాన్నే అతను కూర్చాడు.

ఐ7-8700 ప్రాసెసర్, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. సగానికి కాస్త తక్కువ డబ్బు దానికే పోయింది. ఐ5 చాలని అతనన్నా నేను ఒప్పుకోలేదు. మా బ్యాచ్‌లో ఐ7 అన్న మాటకున్న విలువ నాకు తెలుసు. ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, పక్కన అద్దం ఉన్న కేబినెట్. ఆ కేబినెట్‌తోపాటే ఒక ఎస్‌ఎంపీఎస్ వచ్చింది. నాన్న డబ్బు లెక్క చూస్తుండగా నేను గొంతు తగ్గించి "ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు కూడా" అన్నాను. "ప్రాసెసర్‌లోనే డిస్‌ప్లే ఉంది తమ్ముడూ, చదువుకి కార్డెందుకు?" అన్నాడు. ఆటలకని చెప్పడానికి నోరు రాలేదు. చివరికి జీటీ 1030, 2 జీబీ కార్డు పెట్టించుకున్నాను.

ఇంటికొచ్చి విచర్ 3 వేస్తే బొమ్మ కదలడమే కష్టమైంది. సెట్టింగులన్నీ తగ్గించినా గుర్రం ఆగి ఆగి నడిచింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే గ్రాఫిక్స్ కార్డు 99 శాతం దగ్గర నిలబడి ఉంది, ప్రాసెసర్ పావు వంతు కూడా దాటలేదు. నేను మురిసిపోయి కొన్న భాగం చాలా వరకు ఖాళీగా కూర్చుంది.

ఇది ఎందుకు జరుగుతుందో ఆ తర్వాత నేర్చుకున్నాను. తెర మీద ఆట నున్నగా నడవాలంటే సెకనుకి 60 ఫ్రేములు కావాలి. అంటే ఒక్కో ఫ్రేముకి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో ఎవరు ఎక్కడున్నారు, ఏది దేనికి తగిలింది అన్న లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. ఆ లెక్క ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఫుల్ హెచ్‌డీ తెర మీద అది ప్రతిసారీ రంగు తేల్చాల్సిన చుక్కలు 20,73,600. ప్రాసెసర్ తన పని 6 మిల్లీసెకన్లలో ముగించినా, కార్డుకి 50 పడితే మనకి కనిపించేవి సెకనుకి 20 ఫ్రేములే. కాలువ ఎంత వెడల్పుగా తవ్వినా పొలానికి పారేది తూము వదిలినన్ని నీళ్ళే. నేను కాలువ మీద డబ్బంతా పోసి తూముని మర్చిపోయాను.

కార్డు ఎంపికలోనూ నా తెలివితక్కువతనం ఉంది. జీటీ 1030 పేరుతో రెండు రకాలున్నాయి. ఒకటి జీడీడీఆర్5 మెమరీది, సెకనుకి 48 గిగాబైట్లు అందిస్తుంది. రెండోది డీడీఆర్4ది, అందించేది 16.8 మాత్రమే. పేరు ఒకటే, జీబీలు ఒకటే, వేగంలో దాదాపు మూడు రెట్ల తేడా. పెట్టె మీద మెమరీ రకం రాసే ఉంది. నేను "2 జీబీ" దగ్గరే చదవడం ఆపేశాను. నాకొచ్చింది డీడీఆర్4ది. ఎన్ని జీబీలున్నాయన్నది ఎంత సరుకు పడుతుందో చెబుతుంది. ఆ సరుకు ఎంత వేగంగా చేరుతుందో తెలియాలంటే మెమరీ రకం, బస్ వెడల్పు చూడాలి. ర్యామ్ విషయమూ అంతే. డీడీఆర్4-2666 ఒక్క స్టిక్ సెకనుకి 21.3 గిగాబైట్లు ఇస్తే, జంటగా పెట్టిన రెండు స్టిక్కులు 42.6 ఇస్తాయి. 8 జీబీ ఒకటి బదులు 4 జీబీవి రెండు అడిగి ఉంటే డ్యూయల్ ఛానెల్ వచ్చేది.

ఆ అరవై వేలతోనే ఏం చేయవచ్చో తర్వాత కాగితం మీద వేసుకున్నాను. ఐ7 బదులు ఐ5-8400 తీసుకుని, మిగిలినదాన్ని ఆ చిన్న కార్డు డబ్బుతో కలిపితే జీటీఎక్స్ 1050 టీఐ వచ్చేది. దాని మెమరీ వేగం సెకనుకి 112 గిగాబైట్లు, నా కార్డుకి ఆరు రెట్ల పైమాటే. అది వాడే కరెంటు 75 వాట్లు, మదర్‌బోర్డు స్లాట్ నుంచే సరిపోతుంది. అద్దాల కేబినెట్ వదులుకుంటే చిన్న ఎస్‌ఎస్‌డీ కూడా పట్టేది. ఇంజనీరింగ్‌లో నేను రాసిన ప్రోగ్రాములన్నీ ఆ ఐ5 మీద హాయిగా నడిచేవి. నాన్నకి చెప్పిన మాట, నా కోరిక, రెండూ ఒకే కంప్యూటర్‌లో ఇమిడేవి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ లెక్క వేసుకున్నప్పుడైనా ఇంట్లో చెప్పాల్సింది. చెప్పకుండా సరిదిద్దుకోవాలని చూశాను. హాస్టల్ ఖర్చుల్లో మిగిల్చి, వాడేసిన ఆర్ఎక్స్ 580 కార్డు ఒకటి కొన్నాను. క్రిప్టో మైనింగ్ పడిపోయాక అలాంటి కార్డులు సెకండ్ హ్యాండ్‌లో చాలా వచ్చాయి. దానికి 185 వాట్లు కావాలి. నా ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంది, సరిపోతుందనుకున్నాను. పక్కనున్న చిన్న పట్టిక చదవలేదు. కార్డూ ప్రాసెసరూ లాగేది ప్రధానంగా 12 వోల్టుల లైను నుంచి. ఆ లైనుకి రాసి ఉన్నది 18 ఆంపియర్లు. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. కార్డుకి 185, ప్రాసెసర్‌కి 65 కలిపితేనే 250 అవుతుంది. పైగా ఆ కార్డుకి కావాల్సిన ఎనిమిది పిన్నుల తీగ లేకపోతే మోలెక్స్ కన్వర్టర్ తగిలించాను. కొద్ది రోజులు ఆట మధ్యలో ఆరిపోతూ, మళ్ళీ వెలుగుతూ నడిచింది. ఒక రాత్రి కాలిన వాసన వచ్చింది. ఎస్‌ఎంపీఎస్‌తోపాటు మదర్‌బోర్డూ పోయింది. నాన్న జీతంలో లోను కోత అప్పటికింకా నడుస్తూనే ఉంది.

అప్పుడు చెప్పాను, మొత్తం. నాన్న కోప్పడలేదు. "ఆటలకని ముందే చెప్తే ఆటలకి పనికొచ్చేదే కొనేవాళ్ళం కదరా" అన్నారు. నేను ఏ మాటకి భయపడి ఇదంతా చేశానో, ఆ మాట ఆయనకి అంత కష్టమైనదేమీ కాదు. ఆయన్ని నేను తక్కువగా అంచనా వేశాను. నా పొరపాట్లన్నింటిలోకి ఇదే పెద్దది.

ఇప్పుడు ఎవరైనా మొదటి గేమింగ్ కంప్యూటర్ గురించి అడిగితే ప్రాసెసర్ ఊసు చివరికి వాయిదా వేస్తాను. ముందు మానిటర్ ఏదో, ఏ ఆటలు ఆడతారో చెప్పమంటాను. 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ తెర సెకనుకి 60 ఫ్రేములకి మించి చూపించలేదు, దానికి మించిన కార్డు మీద పెట్టేది చాలావరకు వృథా. తెరనీ ఆటనీ బట్టి కార్డు, మొత్తంలో మూడో వంతు నుంచి సగం లోపు దానికే. ఆ కార్డుని ఖాళీగా కూర్చోబెట్టనంత ప్రాసెసర్, అంతకు మించి అక్కర్లేదు. పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో డిస్‌ప్లే ఉండదు, కార్డు లేకుండా తెర వెలగదని గుర్తుంచుకోవాలి. ర్యామ్ రెండు స్టిక్కులు, వాటి మీద రాసిన వేగం అందాలంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ వేసుకోవాలి. విండోస్ ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి. ఎస్‌ఎంపీఎస్‌కి 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లో చదివి, లెక్కకి మూడో వంతు అదనంగా ఉండేట్టు చూడాలి. కరెంటు పోతుంటే యూపీఎస్ తప్పదు. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే మోస్తాయి, ఆ లెక్కా ముందే వేసుకోవాలి. లైట్లూ అద్దాలూ డబ్బు మిగిలితేనే.

ఈ వరుసంతా ఆడబోయే ఆట పేరుతో మొదలవుతుంది. ఆ పేరు దాచుకున్నవాడికి దుకాణంలో ఎంత నిజాయితీపరుడున్నా సాయం చేయలేడు. అందుకే మొదటి కంప్యూటర్ కోసం ఇంట్లో డబ్బు అడగబోతున్న పిల్లలకి నేను చెప్పేది ఇదే. ఆటలకి కావాలని అమ్మానాన్నలతో చెప్పండి, దానిమీదే చదువూ సాగుతుందని కూడా చెప్పండి, ఎందుకంటే అది నిజం. వాళ్ళు వద్దంటే, ఒప్పుకునేదాకా ఆగండి. ఆగినందువల్ల పోయేదేమీ లేదు, ఈలోగా అదే డబ్బుకి ఇంకాస్త మంచి కార్డు కూడా రావచ్చు.